స్కర్టును కూర్చుని ఎంచుకోవాలి

(కుట్టుపని నేర్చుకుంటున్న విద్యార్థినులు, వారి తల్లులు హాజరైన సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల వాళ్ళకు వినిపిస్తోందా? సరే, చేతులు ఊపుతున్నారు కాబట్టి వినిపిస్తోందనే అనుకుంటాను.

నిర్వాహకులు నాకిచ్చిన విషయం ఇది: నిండుగా ఉండే స్కర్టులు, ఏ సందర్భానికి ఏది, దాన్ని ఎలా వేసుకోవాలి. నిండుగా అనగానే మీలో చాలామంది మనసులోనే టేపు తీసి పొడవు కొలవడం మొదలుపెట్టి ఉంటారు. మోకాలి కిందికి ఉండాలా, పిక్క మధ్యకా, చీలమండ దాకానా? ఆ లెక్క నేను చెప్పను. ఎవరి హద్దు వారిది. ఆ హద్దు మీ ఇంట్లో పెట్టినది కావచ్చు, మీ నమ్మకం పెట్టినది కావచ్చు, మీకు మీరే పెట్టుకున్నది కావచ్చు. నేను కుట్టు నేర్పేదాన్ని, తీర్పులు చెప్పేదాన్ని కాదు. మీరు ఒక హద్దు అనుకున్నాక, పొద్దున వేసుకున్న స్కర్టు సాయంత్రం దాకా ఆ హద్దు దగ్గరే ఉంటుందా, ఉండదా? నేను మాట్లాడేది అంతవరకే.

ఎందుకంటే, అద్దం ముందు అన్ని స్కర్టులూ నిండుగానే ఉంటాయి. అక్కడ మనం కదలకుండా నిటారుగా నిలబడతాం. గాలి ఉండదు. వెలుతురు ముందు నుంచి పడుతుంది. రోజులో మనం అలా ఎంతసేపు ఉంటామో చెప్పండి? కూర్చుంటాం, లేస్తాం, మెట్లెక్కుతాం, కింద పడిన పెన్ను కోసం వంగుతాం, బస్సు కదిలిపోతుంటే పరిగెడతాం. స్కర్టు పరీక్ష అంతా అక్కడ ఉంది. కానీ కొనేటప్పుడు ఎవరూ కూర్చుని చూడరు! ట్రయల్ రూములో స్టూలు ఉంటుంది కదా, దాని మీద బ్యాగు పెడతాం. బ్యాగు కింద పెట్టండమ్మా, మీరు కూర్చోండి.

కూర్చుంటే ఏమవుతుంది? తుంటి దగ్గర, తొడల దగ్గర బట్ట లాగుకుంటుంది, ఆ మేరకు అంచు పైకి వస్తుంది. ఒంటికి అతుక్కునే తిన్నని స్కర్టు అయితే మూడు నాలుగు అంగుళాలు సులువుగా పైకి పోతుంది. అంటే నిలబడినప్పుడు మోకాలి కింద రెండు అంగుళాలు ఉన్నది, కూర్చోగానే మోకాలి పైన ఉంటుంది. ఇక అక్కడి నుంచి రోజంతా చేత్తో కిందికి లాక్కోవడమే. చూసేవాళ్ళకు కనిపించేది మోకాలు కాదు, ఆ లాక్కోవడం! మీరు ఎంత పొడవు కావాలనుకుంటున్నారో ఆ పొడవును కూర్చున్నప్పుడు కొలవండి. దర్జీకి కొలత ఇచ్చేటప్పుడు కూడా అదే చెప్పండి: కూర్చున్నప్పుడు మోకాలు కప్పాలి అని.

ఇప్పుడు పొడవు మీద మనకున్న నమ్మకాన్ని కొంచెం కదిలిస్తాను. 1910 ప్రాంతంలో యూరప్, అమెరికాల్లో ఒక ఫ్యాషన్ నడిచింది. స్కర్టు చీలమండల దాకా పొడవు, కానీ కింద అంచు ఎంత ఇరుకంటే కాలు తీసి కాలు వేయలేరు. పారిస్ డిజైనర్ పాల్ పోయిరే పేరు దానితో ముడిపడి ఉంది. ఇంగ్లీషులో దాన్ని హాబుల్ స్కర్టు అన్నారు. అడుగు కాస్త పెద్దదైతే కుట్టు పిగిలిపోతుంది కాబట్టి, కొందరు రెండు మోకాళ్ళకూ కలిపి ఒక పట్టీ కట్టుకునేవారు. నవ్వుతున్నారా? ఇంకా వినండి. న్యూయార్కులో 1912లో ఎక్కడానికి మెట్టే లేని ట్రామ్ బండ్లు నడిపారు. హాబుల్ స్కర్టు వేసుకున్నవాళ్ళు మెట్టెక్కలేరు కదా మరి! పొడవులో ఏ లోటూ లేని స్కర్టు అది. కానీ అది వేసుకున్నావిడ మెట్టు ఎక్కాలంటే రెండు చేతులతో బట్ట పైకి ఎత్తుకోవాలి. అప్పుడు ఆ పొడవు ఏమైంది?

అందుకే నేను పొడవు కంటే ముందు ఘేరు చూస్తాను. ఘేరు అంటే తెలుసుగా, కింద అంచు చుట్టుకొలత. కుట్టు నేర్చుకునే పిల్లలు ఇది రాసుకోండి, మిగతావాళ్ళు వింటే చాలు.

పిక్కల దాకా ఉన్న స్కర్టు అనుకుందాం. మామూలుగా నడుస్తున్నప్పుడు ముందు పిక్కకూ వెనక పిక్కకూ మధ్య దూరం సుమారు ఇరవై అంగుళాలు అనుకోండి. ఆ రెండు కాళ్ళనూ చుట్టి రావాలంటే బట్టకు కుడివైపు ఇరవై, ఎడమవైపు ఇరవై, కాళ్ళ మందం కలుపుకుంటే యాభై అంగుళాలు దాటుతుంది. ఇప్పుడు పెన్సిల్ స్కర్టు, అంటే ఒంటికి అతుక్కునే తిన్నని స్కర్టు తీసుకోండి. సీటు కొలత, అంటే తుంటి చుట్టుకొలత 38 ఉన్న మనిషికి కుట్టింది, వదులు కలిపి 40. అదే కొలత కిందికి దించితే ఘేరు కూడా 40. యాభై కావాల్సిన చోట నలభై ఉంది. ఆ పది అంగుళాలు ఎక్కడి నుంచి వస్తాయి? చీలిక నుంచి. అందుకే పెన్సిల్ స్కర్టుకు చీలిక లేకుండా కుదరదు. చీలికను సోకు కోసం పెట్టారనుకుంటాం. కాదు, అది నడక కోసం పెట్టింది.

అయితే చీలిక అక్కర్లేకుండా ఆ పది అంగుళాలు తెచ్చుకునే దారి ఒకటి ఉంది. చీలిక ఉండాల్సిన చోటే లోపలికి ఒక మడత పెట్టి కుట్టడం. నిలబడితే మూసుకుని ఉంటుంది, అడుగు వేస్తే విచ్చుకుంటుంది, విచ్చుకున్నా లోపల బట్టే కనిపిస్తుంది. దీనికి అయ్యే అదనపు బట్ట చాలా తక్కువ. రెడీమేడ్‌లో మాత్రం అరుదుగా దొరుకుతుంది, ఎందుకంటే ఒక కత్తిరింపుతో పోయేదానికి అన్ని కుట్లు ఎవరు వేస్తారు? కొన్న స్కర్టుకు చీలిక ఎక్కువ పైకి ఉంటే, అదే రంగు బట్ట ముక్క వెనక నుంచి వేయించండి. కొందరు చీలికను పైనుంచి మూసి కుట్టేస్తారు. అప్పుడు హాబుల్ స్కర్టు తయారవుతుంది! మూసే ముందు గుండుసూదులు పెట్టి మెట్లు ఎక్కి చూడండి. రెండు మెట్లు చాలు, తెలిసిపోతుంది.

ఇక రెండో కొస. నిండు గుండ్రం స్కర్టు, ఫుల్ సర్కిల్. నడుము 28 అంగుళాలు, పొడవు 30 అనుకుందాం. నడుము వృత్తానికి వ్యాసార్ధం నాలుగున్నర. దానికి 30 కలిపితే ముప్ఫై నాలుగున్నర. ఆ లెక్కన అంచు చుట్టుకొలత 217 అంగుళాలు వస్తుంది, అంటే ఆరు గజాలు! నడకకు అంతకంటే స్వేచ్ఛ ఇచ్చేది లేదు. కూర్చుంటే చుట్టూ పరుచుకుంటుంది, అంచు పైకి రాదు. మరి దీనికేమీ లోపం లేదా? గాలి. పల్చటి జార్జెట్‌తో ఫుల్ సర్కిల్ కుట్టించుకుని గాలి వీచే రోజు రోడ్డు దాటండి, రెండు చేతులూ స్కర్టుకే సరిపోతాయి. అందుకే రోజువారీ వాడకానికి నేను సగం గుండ్రం చెబుతాను. అవే కొలతలకు అంచు 122 అంగుళాల దాకా వస్తుంది. నడకకు కావాల్సినదానికి రెట్టింపు పైనే, గాలికి లేచేది మాత్రం తక్కువ.

సగం గుండ్రం కూడా ఎక్కువే అనుకునేవాళ్ళకు ఏ-లైన్ ఉంది. నడుము దగ్గర సరిపడా, కిందికి వచ్చేకొద్దీ క్రమంగా వెడల్పు. ఈ పేరును బాగా ప్రచారంలోకి తెచ్చింది 1955లో క్రిస్టియన్ డియోర్ అనే ఫ్రెంచి డిజైనర్. ఒకే ఒక స్కర్టు కుట్టించుకుంటానండీ, ఏది కుట్టించుకోను అని అడిగితే మారుమాట లేకుండా ఏ-లైన్ అంటాను. కింద అరవై డెబ్భై అంగుళాల ఘేరు, పిక్క కిందికి పొడవు, కాస్త బరువైన బట్ట. ఆఫీసుకూ సరిపోతుంది, అమ్మాయి పెళ్ళిచూపులకూ సరిపోతుంది. ఎవరినీ ఉద్దేశించి అనలేదు, మొదటి వరుసలో అమ్మగారు కూతుర్ని చూస్తున్నారు!

డియోర్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. రెండో ప్రపంచయుద్ధం వల్ల బ్రిటన్‌లో 1941 నుంచి 1949 దాకా బట్టలకు రేషన్. స్కర్టుకు ఎన్ని మడతలు ఉండొచ్చో కూడా ప్రభుత్వమే చెప్పింది. అమెరికాలో 1942లో వచ్చిన ఎల్-85 ఉత్తర్వు స్కర్టు ఘేరుకు పరిమితి పెట్టింది. ఆ కరువు మధ్యలో, 1947 ఫిబ్రవరిలో డియోర్ గజాలకొద్దీ బట్టతో, పిక్కల దాకా దిగే వెడల్పాటి స్కర్టులు చూపించాడు. కొందరు మురిసిపోయారు, కొందరు ఇంత బట్ట దండగా అని తిట్టిపోశారు. నేను చెప్పేదేమిటంటే, పొడవూ ఘేరూ ఎప్పుడూ ఒక్క మర్యాద వల్లే మారలేదు. బట్ట దొరకడం, దొరకకపోవడం కూడా మార్చింది. మా రోజుల్లో అయితేనా అని పిల్లల్ని అనేముందు పెద్దవాళ్ళు ఇది కాస్త గుర్తుపెట్టుకోవాలి.

సరే, బట్ట దగ్గరికి వద్దాం. కొనేముందు స్కర్టు లోపల చెయ్యి పెట్టి, కిటికీ వైపు తిప్పి పట్టుకోండి. వేళ్ళు లెక్కపెట్టగలిగితే అస్తరు, అంటే లోపల లైనింగ్ కావాలి. ఎండ మీ వెనక నుంచి పడినప్పుడు మీ కాళ్ళు అంతే స్పష్టంగా కనిపిస్తాయి. మీకు తెలియదు, ఎదుటివాళ్ళు చెప్పరు. ఫోటోల్లో ఫ్లాష్ పడినప్పుడూ ఇదే తంటా.

తెల్ల స్కర్టు కింద తెల్ల లోలంగా వేస్తాం. తప్పేమీ లేదనిపిస్తుంది. కానీ తెలుపు కింద తెలుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, లోలంగా అంచు ఎక్కడ ఆగిందో గీత గీసినట్టు తెలుస్తుంది. మీ ఒంటి రంగుకు దగ్గరగా ఉన్నది వేసి చూడండి, మాయమవుతుంది. అస్తరు పొడవు స్కర్టు కంటే ఒకటి రెండు అంగుళాలే తగ్గాలి. మోకాలి దగ్గరే ఆగిపోయే అస్తరు వేసి, కింద అడుగు మేర పల్చటి బట్ట వదిలేసే రెడీమేడ్‌లు ఎన్నో. ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. పైన వంద అంగుళాల ఘేరు, లోపల అస్తరు మాత్రం నలభై! అడుగు ఆగేది అస్తరు దగ్గరే. పై బట్ట ఎంత విశాలంగా ఉంటే ఏం లాభం? కొనేటప్పుడు స్కర్టు తిరగేసి అస్తరును రెండు చేతులతో చాపి చూడండి.

పాలిస్టర్ స్కర్టు, నైలాన్ లోలంగా కలిస్తే పొడి వాతావరణంలో కాళ్ళకు అతుక్కుపోతుంది. స్థిర విద్యుత్తు. నూలు లోలంగా వేస్తే చాలావరకు తగ్గుతుంది. అప్పటికప్పుడు కావాలంటే కాళ్ళకు కాస్త లోషన్ రాసుకోండి.

ఇప్పుడు సందర్భాలు. మీరు అడగాలనుకున్నది ఇదేనని తెలుసు, అందుకే ఇంతసేపు ఆపాను.

ఇంటర్వ్యూ, ఆఫీసు. కుర్చీలో గంటలకొద్దీ కూర్చునే చోటు ఇది, కాబట్టి పొడవుతో పాటు నడుము పట్టీ కూడా కూర్చుని చూసుకోవాలి. నిలబడినప్పుడు సరిగ్గా సరిపోయిన పట్టీ కూర్చుంటే బిగుస్తుంది. లోపల రెండు వేళ్ళు పట్టేంత వదులు ఉంచండి. మడతల స్కర్టు కావాలంటే, మడతలను తుంటి దాకా అదిమి కుట్టినది తీసుకోండి, అప్పుడు పొట్ట దగ్గర ఉబ్బదు. ఒకదాని పక్కన ఒకటి ఖాళీ లేకుండా మడతలు పెడితే మూడు రెట్లు బట్ట పడుతుంది. నూలు బట్టలో ఆ మడతలు ఉతికిన ప్రతిసారీ ఇస్త్రీతో మళ్ళీ నిలబెట్టాలి. పాలిస్టర్‌కు వేడితో వేసిన మడత ఉతికినా పోదు, ఎందుకంటే ఆ పోగు వేడికి మెత్తబడి, చల్లారాక అదే ఆకారంలో బిగుసుకుంటుంది. నేను నూలు మనిషిని, అయినా ఆఫీసు మడతల దగ్గర మాత్రం పాలిస్టర్‌కే ఓటు. పొద్దున ఆ ఇస్త్రీ ఎవరు చేస్తారమ్మా?

వేదిక. ఇది ఎవరూ చెప్పరు, అందుకే కొంచెం ఎక్కువసేపు చెబుతాను. బహుమతి అందుకోవడానికో, మాట్లాడటానికో, పాడటానికో వేదిక ఎక్కుతాం. ఇప్పుడు నన్ను చూడండి. నేను ఇక్కడ నిలబడ్డాను, మొదటి వరుస వాళ్ళ కళ్ళు ఎక్కడున్నాయి? నా మోకాళ్ళ ఎత్తులో. అంటే మీరు చూసేది కింది నుంచి పైకి. నేల మీద సరిపోయిన పొడవు వేదిక మీద సరిపోదు. ఇంకో బెత్తెడు కలుపుకోండి. వేదిక మీద కుర్చీలు వేసి, ముందు బల్ల వేయకపోతే మరీ కష్టం. కూర్చున్నప్పుడు ముందు చీలిక తెరుచుకుంటుంది, పక్క చీలిక కూడా అంతే. వెనక చీలిక ఒక్కటే కుర్చీకి దాగుతుంది. కాబట్టి వేదిక ఎక్కే రోజు చీలిక వెనక ఉన్నదో, అసలు లేనిదో వేసుకోండి. పైనుంచి పడే దీపాల వెలుగు ఒక్కోసారి వెనక నుంచి కూడా వస్తుంది, అస్తరు మరవకండి.

వేడుకలు. వేడుక అనగానే నేలను తాకే పొడవు కావాలంటాం. కావాలి, బాగుంటుంది. కానీ ఆ పొడవు కొలిచేటప్పుడు ఆ రోజు వేసుకునే చెప్పులే వేసుకుని కొలవండి. నేలకూ అంచుకూ మధ్య ముందు వైపు ఒక అంగుళం ఖాళీ ఉండాలి. లేకపోతే మెట్టెక్కేటప్పుడు మీ కాలే మీ స్కర్టును తొక్కుతుంది. మెట్లెక్కేటప్పుడు ముందు బట్టను చిటికెడు పట్టుకుని కాస్త పైకి ఎత్తండి, దిగేటప్పుడు వెనక బట్ట చూసుకోండి. శాటిన్ అయితే క్రాస్ కట్ అందంగా జారుతుంది. బట్టను ఏటవాలుగా కత్తిరించే ఆ పద్ధతికి 1920లలో పేరు తెచ్చింది మాడెలీన్ వియొనే అనే ఫ్రెంచి డిజైనర్. అయితే క్రాస్ కట్ ఒంటి ప్రతి వంపునూ పట్టిస్తుంది. నిండుగా కావాలనుకునేవాళ్ళు సీటు దగ్గర రెండు మూడు అంగుళాలు అదనంగా వదులు పెట్టించుకోండి, లేదా తుంటి దాటే పొడవాటి పైదుస్తు వేసుకోండి. విద్యార్థినులకు ఒక మాట. క్రాస్ కట్ స్కర్టు కత్తిరించిన వెంటనే హెమ్మింగ్ చేయకండి. ఒక రోజంతా హ్యాంగరుకు వేలాడదీయండి. బట్ట తన బరువుకు తానే సాగుతుంది, అంతటా ఒకేలా సాగదు. మర్నాడు చూస్తే అంచు ఒకచోట కిందికి, ఒకచోట పైకి. అప్పుడు సరిచేసి కుట్టండి. ఇది చేయకుండా కస్టమరుకు ఇచ్చేసి, మీ నడుమే వంకరండీ అని చెప్పే దర్జీలు ఉన్నారు!

ప్రయాణం. చీలమండకు రెండు మూడు అంగుళాలు పైన ఆగాలి. ఎస్కలేటర్ మీద నేలను తాకే స్కర్టు అందంగా ఉండదు, ప్రమాదంగా ఉంటుంది. పళ్ళ మధ్య అంచు చిక్కుకుంటుంది. సైకిలు అయితే గొలుసు, మోటారు సైకిలు వెనక కూర్చుంటే చక్రం. ఎక్కే ముందు బట్టంతా పోగుచేసి ఒడిలో పెట్టుకోండి. చుట్టుకుని కట్టే ర్యాప్ స్కర్టు ప్రయాణానికి వద్దు. వేసుకునే తీరాలంటే, పై పొర అవతలి తుంటి ఎముక దాకా రావాలి, లోపల మోకాలి ఎత్తులో ఒక ప్రెస్ బటన్ కుట్టించుకోవాలి. ఆ ఒక్క బటన్ మీకు గాలి భయం లేకుండా చేస్తుంది.

విషాద సందర్భాలు, ప్రార్థన స్థలాల గురించి ఎక్కువ చెప్పను. ముదురు రంగు, చప్పుడు చేయని బట్ట, కింద కూర్చోవాల్సి వచ్చినా ఇబ్బంది లేని ఘేరు. అంతే.

ఇక ఎలా వేసుకోవాలి అన్నది. పొడవాటి స్కర్టు వేస్తే పొట్టిగా కనిపిస్తామని చాలామంది దిగులు. దానికి కారణం పొడవు కాదు, అంచు ఆగిన చోటు. పిక్క అన్నిటికంటే లావుగా ఉన్నచోట అంచు ఆగితే కాలు అక్కడే తెగినట్టు కనిపిస్తుంది. రెండు అంగుళాలు కిందికి, పిక్క సన్నబడే చోటికి దించండి, అదే మనిషి పొడుగ్గా కనిపిస్తుంది. అద్దం ముందు ఒక టవల్ కాళ్ళకు అడ్డంగా పట్టుకుని మెల్లగా కిందికీ పైకీ జరపండి. మీ అంచు ఎక్కడ ఆగాలో మీకే తెలుస్తుంది.

స్కర్టు విశాలంగా ఉంటే పై చొక్కా ఒంటికి దగ్గరగా, లేదా లోపలికి దోపి ఉండాలి. రెండూ వదులైతే మనిషి ఎక్కడుందో వెతుక్కోవాలి. దోపుకోవడం ఇష్టం లేదంటారా, పైదుస్తు సరిగ్గా నడుము దాటగానే ఆగేలా చూసుకోండి. తిన్నని స్కర్టు మీద మాత్రం పొడవాటి కోటో, తుంటి దాటే స్వెటరో బాగుంటుంది, నిండుగానూ ఉంటుంది. అలా వేస్తే స్కర్టు మీద పెద్ద పూలు, అడ్డచారలు వద్దు, కంటికి అలసట.

గాలికి ఇంకేమీ చేయలేమా అని ఇందాక ఒకరు చీటీ పంపారు. చేయొచ్చు. అంచు మడత అర అంగుళం కాకుండా రెండు అంగుళాలు పెట్టించండి, ఆ బరువుకే సగం నిలుస్తుంది. ఇంకా కావాలంటే మడతలో సన్నని గొలుసు కుట్టండి. షనెల్ అనే ఫ్రెంచి కంపెనీ కోట్ల అంచు లోపల అలాంటి గొలుసే ఉంటుంది, కోటు తిన్నగా దిగడానికి. మన దగ్గర గొలుసు లేకపోతే బట్టలో చుట్టిన చిన్న వాషర్లు, కుట్ల దగ్గర నాలుగు చోట్ల. ఉతికేటప్పుడు తుప్పు మరక అంటకుండా స్టెయిన్‌లెస్ స్టీలువి వేయండి.

ఇంకో చీటీ ఉంది. "అమ్మాయి ఎదిగింది, స్కర్టు పొట్టి అయింది, బట్ట మాత్రం కొత్తలా ఉంది." ముందు అంచు విప్పి లోపల ఎంత మడత ఉందో చూడండి. విప్పితే పాత మడత గీత తెల్లగా కనిపిస్తుంది, దాని మీద సన్నని లేసో పట్టీయో వేస్తే సరి. మడతలో బట్ట లేకపోతే కింద నాలుగైదు అంగుళాల పట్టీ అతకండి. రంగు స్కర్టు కంటే ముదురుగా, బరువు స్కర్టు బట్టంతే ఉండాలి. పల్చటి పట్టీ వేస్తే ముడుచుకుపోతుంది, మరీ దళసరిది వేస్తే స్కర్టును కిందికి లాగుతుంది. పొడవాటి పైదుస్తులు వేసుకునే అమ్మాయి అయితే పట్టీని కింద కాకుండా పైన, నడుము దగ్గర అతకండి, ఎవరికీ కనిపించదు. పైన అతికేటప్పుడు జిప్పు కూడా విప్పి పైకి జరపాలి. ఆ జరిపేది ఎలాగో చూడాలనుకునేవాళ్ళు మిషన్ దగ్గరికి రండి, కుట్టి చూపిస్తాను.